మూడు గంటలకి మోగిన ఫోను

ఒనలెన్నా ఫ్రాన్సిస్‌టౌన్ వదిలి ఆరు రోజులైంది. మొగుడు పోయిన ఆడది ఏడాది తిరగందే ఊరు దాటకూడదని అత్తగారు మ్మా సెయిటేయి గేటుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంటే, పెరటి కంచె విప్పి మోటారుబండి నడిపించుకుపోయిన కోడలు ఈవిడ. మైలకి తొడిగిన ముదురునీలం గౌను మాత్రం విప్పలేదు. దాని కింద మొగుడు మొలెఫీ ప్యాంటు, కాళ్లకి మొలెఫీ బూట్లు, వాటి ముందుభాగంలో కుక్కిన గుడ్డపీలికలు. బండీ మొలెఫీదే. ఎనిమిది నెలల కిందట జాంబియాలో కలాబో అవతలి ఇసకలో అతన్ని పడేసిన బండే. మెకానిక్కు ఎంత సరిచేసినా హ్యాండిల్ ఒంకర పూర్తిగా పోలేదు. నేరుగా పోవాలంటే ఎడమకి కాస్త బిగబట్టి పట్టుకోవాల్సిందే.

వెనక రెండో బండి మీద దిఖాంగ్. మొలెఫీకి పదిహేనేళ్ల స్నేహితుడు. ఆ రోజు పక్కనున్నవాడు అతనొక్కడే. "పదకొండు గంటలకి పడ్డాడు వదినా. పడగానే పోయాడు. నొప్పి కూడా తెలిసుండదు" అని, శవంతో పాటు ఆ మాటనీ ఇంటికి మోసుకొచ్చింది అతనే. ఆ చోటు చూపించమని అడిగిన దగ్గర్నుంచీ దిఖాంగ్ నోట రోజుకో వంక. కజుంగులాలో జ్వరం అన్నాడు. సెసెకెలో చైను వదులైందన్నాడు. సెనాంగాలో అయితే, ఇసకలో ఆడవాళ్లు నడపలేరు అన్నాడు.

"నేను నడపలేకపోతే పడతాను. పడితే లేస్తాను. నువ్వు బయల్దేరు" అంది ఒనలెన్నా.

ఈ ఆరు రోజుల్లో ఆమె కుదురుగా కూర్చున్నది లేదు. పెట్రోలు పోయించుకునేటప్పుడు కూడా బండి చుట్టూ తిరుగుతూనే ఉండేది. ఆగితే చాలు, అరికాళ్ల కింద చీమలు పాకినట్టుండేది. నాటా దాటాక ఏనుగుల మంద రోడ్డు మీద తాపీగా నిలబడిపోతే, ముప్పావుగంట సేపు ఇంజను ఆపకుండా, క్లచ్ మీంచి వేళ్లు తియ్యకుండా, పళ్లు నూరుకుంటూ కాచుకుంది. ఎందుకంత తొందర అని దిఖాంగ్ అడిగాడు. పోయిన మనిషి ఎక్కడికీ పోడు. అయినా ఆలస్యమైపోతున్నట్టే ఉండేది.

ఏడో రోజు పొద్దున్నే కలాబో ఊళ్లోంచి దిఖాంగ్ ఎందుకో చాలా వేగంగా పోనిచ్చాడు. టీ కోసం కూడా ఆగలేదు. ఊరు దాటాక ఏరు. ఏటి మీద తాడు పట్టుకుని లాగే బల్లకట్టు. దాన్ని లాగే ముసలాయన పేరు లిసూలో. రెండు బండ్లూ ఎక్కించాక ఒనలెన్నా ఊరికే నిలబడలేక తానూ తాడు అందుకుంది.

ముసలాయన ఆమెనీ దిఖాంగ్‌నీ మార్చి మార్చి చూశాడు. "ఏం తల్లీ, మీ దేశంలో ఆడవాళ్లు ముందూ మగవాళ్లు వెనకానా?"

"మా దేశంలో దారి తెలిసినవాళ్లు ముందు."

"అయితే నీకు దారి తెలుసన్నమాట."

"తెలీదు. తెలిసినాయన చెప్పట్లేదు. అందుకే నేను ముందు."

ముసలాయన తాడు వదిలేసి మరీ నవ్వాడు. బల్లకట్టు నీటివాలుకి ఓ పక్కకి ఒరిగింది. దిఖాంగ్ నవ్వలేదు. బండి సీటు మీద చెయ్యి వేసుకుని, వదిలొచ్చిన ఒడ్డు వైపే చూస్తున్నాడు.

ఇక్కడివాళ్ల లోజీ మాటా ఒనలెన్నావాళ్ల త్స్వానా మాటా ఒక తల్లి బిడ్డలు. సగం తెలుస్తుంది. తెలియని సగం దగ్గరే కొంపలు మునుగుతాయి. ముసలాయన మాటలు ఒనలెన్నాకి తెలిసింది ఆ సగంతోనే. దిఖాంగ్‌కి మాత్రం మొత్తం వచ్చు. మొలెఫీతో ఏటా ఈ దారిన తిరిగినవాడు.

అవతలి ఒడ్డున దిగి చక్రాల్లో గాలి తగ్గించుకున్నారు. అక్కడినుంచి అంతా ఇసకే. తెల్లగా, పిండిలా, మోకాలు లోతున. ఇసకలో భయపడి యాక్సిలరేటర్ వదిలావా, ముందు చక్రం దిగబడుతుంది. భయపడ్డా సరే, ఇస్తూనే ఉండాలి. ఒనలెన్నా నిలబడి నడుపుతూ చక్రం వైపు చూడకుండా దూరంగా చూసింది. మూడుసార్లు పడింది. మూడోసారి సైలెన్సర్ తగిలి పిక్క కాలింది. లేపడానికి దిఖాంగ్ పరుగున వచ్చేసరికి బండి తానే ఎత్తుకుని నిలబడి ఉంది.

"వదినా, ఇక్కడితో చాలు. ఇంచుమించు ఇక్కడే పడ్డాడు. ఇక్కడే దణ్ణం పెట్టుకుని వెళ్లిపోదాం."

"ఇంచుమించా?"

"ఇసక కదా. రోజూ ఒకలా ఉండదు."

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను కళ్లు దించుకున్నాడు. చుట్టూ చూస్తే అర కిలోమీటరు దూరంలో నాలుగు పూరిగుడిసెలు, ఒక మామిడిచెట్టు, దండెం మీద ఎండుతున్న చేపలు కనబడ్డాయి. ఒనలెన్నా బండి అటు తిప్పింది. వెనక దిఖాంగ్ ఏదో అరుస్తున్నాడు. ఇంజను చప్పుడులో ఆమెకి వినబడలేదు. వినబడినా ఆగేది కాదు.

మామిడిచెట్టు కింద ఒకావిడ బుట్ట అల్లుతోంది. యాభై ఏళ్లుంటాయి. పేరు నసిలేలే. వచ్చింది ఎవరని ఆవిడ మనిషి వైపు చూడలేదు. ముందు బండిని చూసింది. ఎర్ర ట్యాంకు మీది సొట్టని చూసింది. తర్వాత నీలం గౌను చూసింది. బుట్ట పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ మెల్లగా చరిచింది. పెద్దింటి మనిషి వచ్చినప్పుడు చేసే మర్యాద అది. ఒనలెన్నా కూడా హెల్మెట్ తీసి ఇసకలో మోకాళ్లూని చేతులు చరిచింది.

అప్పటికి దిఖాంగ్ వచ్చి రొప్పుతూ నిలబడ్డాడు. నసిలేలే అతనికేసి తల తిప్పి లోజీలో ఏదో అడిగింది.

"భోంచేశారా అని అడుగుతోంది వదినా" అన్నాడు దిఖాంగ్.

ఒనలెన్నా లేవలేదు. "ఫోను అంది. నాకు వినబడింది. ఫోను అంటే భోజనమా దిఖాంగ్? ఏ భాషలో?"

"అంటే... మధ్యలో ఏదో..."

"నువ్వు అలా జరుగు."

ఆమె నసిలేలే వైపు ఇంకాస్త జరిగి, పసిపిల్లకి చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి అడిగింది. "అమ్మా, మళ్లీ చెప్పు. మెల్లగా చెప్పు. నాకు అర్థమవుతుంది."

నసిలేలే కూడా ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "ఫోను తియ్యనిదానివి నువ్వేనా అని అడిగాను."

"ఏ ఫోను?"

ఆవిడ లేచి గుడిసె దగ్గరికి నడిచి, తలుపు చెక్క మీద చెయ్యి పెట్టి పిలిచింది. చెక్క మీద మేకుతో గీసిన అంకెలున్నాయి. ఎగుడుదిగుడుగా, ఏడు తిరగేసి రాసి. ఒనలెన్నా చదువుకుంటూ పోయి సగంలో ఆగిపోయింది. ఆ నంబరు తనదే.

"ఆయన ఒక్కో అంకే చెప్పాడు. నేను గీశాను. నీళ్లు అడిగాడు, ఇచ్చాను. తర్వాత నీకు ఫోను చెయ్యమన్నాడు. ఇక్కడ సిగ్నలు రాదు. అదిగో, ఆ చెదలపుట్ట ఎక్కితే వస్తుంది. ఎక్కి మూడుసార్లు చేశాను. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి నువ్వే కట్ చేశావు. అంతలో నా ఫోనులో ఛార్జింగు అయిపోయింది."

"ఎన్నింటికి?" అంది ఒనలెన్నా.

"బడి వదిలిన పిల్లలు ఏరు దాటి వచ్చే వేళ. మూడైందేమో."

ఆ రోజు బుధవారం. టీకాల రోజు. క్లినిక్ వరండా నిండా చంటిపిల్లల తల్లులు. ఎడమచేత్తో ఒక పిల్లాడి తొడ పట్టుకుని ఉంది. జేబులో ఫోను మోగింది. మళ్లీ మోగింది. మూడోసారి తీసి చూస్తే ఎవరిదో జాంబియా నంబరు. లాటరీ తగిలిందని చెప్పే మోసగాళ్లనుకుంది. నొక్కి కట్ చేసి, పిల్లాడికి సూది వేసింది. ఆ పిల్లాడు ఏడ్చిన ఏడుపు కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం మొలెఫీ పోయాడని కబురొచ్చాక ఆ నంబరు సంగతే మర్చిపోయింది. గుర్తున్నా ఏముంది? మనిషి పదకొండుకే పోయాడు. మూడు గంటలకి మోగిన ఫోనుకీ అతనికీ సంబంధం ఏముంటుంది?

ఒనలెన్నా వెనక్కి తిరిగింది. దిఖాంగ్ తన బండికి ఆనుకుని, రెండు చేతుల్తోనూ మొహం కప్పుకుని ఉన్నాడు.

"అయ్యా" అని పిలిచింది.

పదిహేనేళ్లలో ఆమె అతన్ని పేరు పెట్టి పిలిచింది. విసుగొస్తే గాడిదా అని పిలిచింది. అయ్యా అనడం ఇదే మొదలు. దిఖాంగ్ ఉలిక్కిపడి చేతులు దించాడు.

"అయ్యా, తమరు పదకొండు అని చెప్పారు."

"వదినా, అలా పిలవకు."

"నా ఇంట్లో, నా ముందు కూర్చుని, నా చేతి అన్నం తింటూ చెప్పారు. పడగానే పోయాడని చెప్పారు. స్మశానంలో మైకు పట్టుకుని మొత్తం ఊరికి చెప్పారు."

"చెప్పాను."

"ఎన్ని గంటలు బతికాడు?"

"నాలుగు దాకా."

"ఐదు గంటలు." ఆమె ఇసకలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిచింది. నిలబడలేకపోయింది. "ఐదు గంటలు నా మొగుడు ఇక్కడ పడుకుని నా నంబరు చెప్పుకున్నాడు. నేను నర్సుని దిఖాంగ్! ఊళ్లో ఎవడికి వేలు తెగినా నన్ను లేపుతారు. నా మొగుడికి నేను లేను. ఇది నాకు తెలియకుండా దాచడానికి నువ్వెవడివి? దేవుడివా?"

"కాదు."

"మరి ఎందుకు?"

"తిరిగొచ్చేసరికి వాడు పోయాడు. ఈవిడ నాకు ఫోను సంగతి చెప్పింది. మూడోసారి కట్ చేసిందని చెప్పింది." దిఖాంగ్ బండి వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. "దారంతా అదే ఆలోచించాను. నాలుగింటికి పోయాడని చెబితే, నీ ఫోనులో ఉన్న ఆ మూడు గంటల నంబరు రేపో ఎల్లుండో నీకు గుర్తొస్తుంది. ఇక జన్మలో నిద్రపోవు. అందుకని పదకొండు అన్నాను. పదకొండు అంటే ఆ మూడుకి అర్థం ఉండదు. తప్పే. కానీ వదినా, నువ్వు నిద్రపోవాలని చేసిన తప్పు."

"నిద్రపోయానా?"

అతను బూటుతో ఇసక కెలికాడు.

"ఎనిమిది నెలల్లో ఒక్క రాత్రి నిద్రపోయానా? పడగానే పోయాడు, నొప్పి తెలీలేదు. ఎవరి చావుకైనా చెప్పే మాటే అది. నేనే క్లినిక్‌లో వందమందికి చెప్పుంటాను. అబద్ధమని తెలిసి చెప్పుంటాను. ఆ మాట నాకు చెబితే నాకు తెలీదనుకున్నావా?" ఆమె అతని చొక్కా గుండీల దగ్గర పట్టుకుంది. కొడుతుందేమోనని దిఖాంగ్ కళ్లు మూసుకున్నాడు. కొట్టలేదు. వదిలేసి నసిలేలే దగ్గరికి వెళ్లి ఎదురుగా కూలబడింది.

ఇప్పుడు అడుగుతున్నది పెళ్లాం కాదు, నర్సు. ఎక్కడ తగిలింది? రక్తం కారిందా? మాట స్పష్టంగా ఉందా?

నసిలేలే తన పొట్ట మీద ఎడమవైపు, పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూపించింది. "బండి కొమ్ము ఇక్కడ పొడిచింది. రక్తం లేదు. గీత కూడా లేదు. లేచి కూర్చున్నాడు. నాతో నవ్వుతూ మాట్లాడాడు. ఏం కాలేదనుకున్నాం."

"తర్వాత?"

"తర్వాత చెమటలు. దాహం. పెదాలు తెల్లబడ్డాయి."

"పొట్ట?"

"రాయిలా అయింది."

ఒనలెన్నా కళ్లు మూసుకుంది. ఇంకేం అడగక్కర్లేదు. లోపల ప్లీహం చితికింది. రక్తమంతా లోపలికే పోయింది. ఆ ఫోను తాను తీసి ఉంటే ఏం చెప్పేది? కాళ్లు ఎత్తి పెట్టమనేది. నీళ్లు తాగించొద్దనేది. అంతే. కత్తి పట్టే డాక్టరు దగ్గరుంటే తప్ప ఎవరూ కాపాడలేరు. తాను క్లినిక్ నుంచి రెక్కలు కట్టుకు వచ్చినా కాపాడలేకపోయేది. ప్రాణం తన చేతిలో లేదు. అయితే అతని ఆఖరి మాట వినడం? అది మాత్రం తన చేతిలోనే ఉండింది. ఒక బొత్తాం దూరంలో.

ఆవిడ లోపలికి వెళ్లి, ఆనపబుర్రలో పులిసిన పాలు తెచ్చి చేతిలో పెట్టింది. "తాగు. దారి పొడుగునా ఇసకే మింగినట్టున్నావు."

ఒనలెన్నా రెండు గుక్కలు తాగింది. "నేను కట్ చేశానని ఆయనకి చెప్పావా?"

"చెప్పాను. అబద్ధం చెప్పడం నాకు రాదు."

"ఏమన్నాడు?"

నసిలేలే కాసేపు బుట్ట అంచు సరిచేసింది. "నవ్వాడు."

"నవ్వాడా?"

"నవ్వితే నొప్పి. పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. ఇవాళ బుధవారం కదా అన్నాడు. కట్ చేసిందంటే చేతిలో సూది ఉందన్నమాట, సూది చేతిలో ఉంటే రాజుగారు చేసినా తియ్యదు అన్నాడు. ఎవరికో చెప్పి గర్వపడుతున్నట్టు అన్నాడు. అప్పుడు నాకు నీ మీద కోపం పోయింది. అంతవరకూ ఉంది. ఇవాళ నిన్ను చూశాక మళ్లీ కాస్త వచ్చింది, అందుకే అలా అడిగాను. ఏమనుకోకు."

ఒనలెన్నా ఏడవడం మొదలుపెట్టింది. శవం ఇంటికి వచ్చిన రోజు ఆమె ఏడవలేదు. మట్టి వేసినప్పుడు ఏడవలేదు. కోడలికి గుండె రాయి అని మ్మా సెయిటేయి నలుగురిలోనూ అంది. ఇప్పుడు, పేరు కూడా ఈ పొద్దే తెలిసిన ఒకావిడ ముంగిట్లో, ముక్కు చీదుకుంటూ, పాలబుర్ర ఒళ్లో పెట్టుకుని, గట్టిగా ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. దండెం మీద చేపల మీదకి కాకి దిగితే నసిలేలే "హుష్" అని కసిరింది గానీ ఆమెని ఓదార్చలేదు. దిఖాంగ్ దూరంగా ఇసకలో చతికిలబడి ఉన్నాడు.

ఏడుపు ఆగాక మొహం గౌను అంచుతో తుడుచుకుంది. కాళ్ల కింద చీమలు లేవు. ఏడు రోజుల్లో మొదటిసారి, లేవాలనిపించలేదు.

"దిఖాంగ్, రా. పాలు తాగు" అంది.

అతను నమ్మలేనట్టు చూశాడు. లేచి వచ్చి, ఎడంగా కూర్చున్నాడు. ఆనపబుర్ర రెండు చేతుల్తో అందుకున్నాడు.

"నిన్ను క్షమించానని కాదు" అంది ఒనలెన్నా. "అడగాల్సింది ఇంకోటుంది. అబద్ధం చెప్పావంటే ఈ బుర్ర నీ నెత్తిన పగలగొడతాను. పదకొండుకి పడ్డాడు. నువ్వు వచ్చేసరికే పోయాడన్నావు. అంటే ఐదు గంటలు నువ్వు ఇక్కడ లేవు. ఎక్కడికి వెళ్లావు?"

"బండి... జీపు తీసుకురావడానికి. కలాబోకి."

"ఒక్కడివీ వెళ్లావా? లేచి కూర్చున్న మనిషిని నీ వెనక ఎక్కించుకుని ఎందుకు పోలేదు? రెండు గంటల్లో ఆసుపత్రిలో ఉండేవాడు."



వాళ్ల మాటల్లో సగమే తెలిసిన నసిలేలే, ఆ సగంతోనే మధ్యలో అందుకుంది. "ఒక్కడూ ఎక్కడ వెళ్లాడు? పెద్దావిడని తీసుకెళ్లాడుగా. నా గుడ్డతోనే నడుముకి కట్టాం, జారిపడకుండా. ఆ గుడ్డ తిరిగి ఇవ్వలేదు కూడా." ఆవిడ ఒనలెన్నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఇంతకీ ఆవిడ కాలు అతికిందా తల్లీ?"

ఒనలెన్నా నసిలేలేని చూసింది. తర్వాత దిఖాంగ్‌ని చూసింది.

"ఏ పెద్దావిడ?"

"బండి వెనక కూర్చుని వచ్చినావిడే. పడ్డప్పుడు కాలు విరిగింది. ముందు ఆమెని తీసుకెళ్లు, నాకేం కాలేదు, నేను ఆగగలను అని మీ ఆయనే పట్టుబట్టాడు. నేను వెళ్లను అని ఈయన ఏడ్చాడు. వెళ్లకపోతే నా స్నేహితుడివి కావని తిట్టి పంపాడు. పాపం ఆవిడ, బండి కదులుతుంటే వెనక్కి తిరిగి, నాయనా నా కొడకా అని ఒకటే కేకలు." నసిలేలే ఆగింది. "ఆవిడ మీ అత్తగారు కాదా?"

అత్తగారు ఫ్రాన్సిస్‌టౌన్‌లో గేటుకి అడ్డంగా కుర్చీ వేసుకుని ఉంది. జన్మలో ఏరు దాటి ఎరగదు.

"దిఖాంగ్" అంది ఒనలెన్నా. అరవలేదు. "ఎవరామె?"

దిఖాంగ్ పాలబుర్ర కింద పెట్టాడు. ఈసారి కళ్లు దించుకోలేదు.

"వాడిని కన్నతల్లి. చిన్నప్పుడే చచ్చిపోయిందని వాడికి చెప్పి పెంచారు. అది అబద్ధమని తెలిసిన దగ్గర్నుంచీ ఏటేటా మేం ఇటు వచ్చింది ఆమెని వెతకడానికే. ఆ రోజే దొరికింది. ఇంటికి, నీ దగ్గరికి తీసుకొస్తున్నాడు." అతను ఏటి వైపు, వదిలొచ్చిన కలాబో వైపు చెయ్యి చూపించాడు. "పొద్దున మనం దాటొచ్చిన వీధిలోనే ఉంది. నీలం తలుపు ఇల్లు. నెలనెలా ఫోను చేసి, మొలెఫీ పనిలో ఉన్నాడు, వస్తాడు అని చెబుతున్నాను. వాడు పోయాడని ఆమెకి ఇంకా తెలీదు వదినా."